కర్పూరం ఎక్కడికి పోయింది? తొమ్మిదో తరగతిలో పరిశీలన, అనుమితి, ద్రవ్య నిత్యత్వ నియమం: నా అనుభవం

"హారతి కర్పూరంలా హరించుకుపోయింది" అని మన ఇళ్లల్లో తరచూ అంటుంటారు. డబ్బయినా ఆస్తయినా జాడ లేకుండా పోతే అదే పోలిక. తొమ్మిదో తరగతి పిల్లలు ద్రవ్య నిత్యత్వ నియమం పాఠానికి వచ్చేసరికి ఈ మాట వాళ్ల నోట్లోనే కాదు, ఆలోచనలోనూ పాతుకుపోయి ఉంటుంది. కాలితే పోతుంది, ఆవిరైతే పోతుంది, కరిగితే పోతుంది. "రసాయన చర్యలో ద్రవ్యరాశిని సృష్టించలేం, నాశనం చేయలేం" అని తప్పు లేకుండా రాసే పిల్లల్నే పిలిచి, "ఈ కర్పూరం బిళ్ల కాలాక దాని బరువేమైంది?" అని అడగండి. ఎక్కువమంది "అయిపోయింది సార్" అంటారు.

అందుకే నేను ఈ పాఠాన్ని నియమంతో మొదలుపెట్టను. మొదటి రెండు పీరియడ్లు పరిశీలనకూ అనుమితికీ ఉన్న తేడా మీదే గడుపుతాను. తర్వాత మూడు పీరియడ్లు కాటా దగ్గర. సిలబస్ లెక్కలో ఐదు పీరియడ్లు ఎక్కువే. కానీ మొదటి రెండూ లేకపోతే తర్వాతి మూడూ దండగ. కాటా చూపే అంకె పరిశీలన. "ద్రవ్యరాశి మారలేదు" అనేది అనుమితి. ఈ రెండింటి మధ్య ఎంతో కొంత దూరం ఉందని తెలియని పిల్లలు కాటా 0.7 గ్రాములు తక్కువ చూపగానే నియమం తప్పంటారు, లేదా సార్‌కి నచ్చే అంకె రాసేస్తారు. రెండోదే ఎక్కువ.

అనుమితి అనే మాట మన తర్కశాస్త్రంలోది. కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పుంది. పొగ ప్రత్యక్షం, నిప్పు అనుమితి. ఈ ఉదాహరణ చెప్పి ఊరుకోకుండా, పుష్యమాసం పొద్దున కొండ మీద కనిపించే మంచు సంగతి కూడా అడుగుతాను. దూరం నుంచి అదీ తెల్లగా, పొగలాగే ఉంటుంది. అంటే "తెల్లగా ఏదో కదులుతోంది" అన్నదే పరిశీలన. "పొగ" అన్నప్పుడే ఒక అడుగు ముందుకు వేసేశాం. ఈ ఒక్క అడుగు పట్టుకోగలిగితే సగం పని అయినట్టే.

నోటుబుక్కు పేజీని నిలువుగా మూడు భాగాలు చేయిస్తాను. ఎడమ గడి "కంటపడింది", మధ్య గడి "అనుకున్నది", కుడివైపు సన్న గడి "ఎలా తేల్చాలి". ఎడమ గడి పెన్నుతో, మధ్య గడి పెన్సిలుతో రాయాలి. చూసింది చెరపడానికి లేదు. అనుకున్నది మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. ఈ పెన్ను, పెన్సిలు పద్ధతి ఏ నిర్వచనం కంటే బాగా పనిచేస్తోంది. ఎడమ గడిలోకి కన్ను, చెవి, ముక్కు, చేయి పట్టిచ్చినవీ, స్కేలూ కాటా థర్మామీటరూ చూపినవీ మాత్రమే రావాలి. ఇంకా పరీక్షించని పదార్థం పేరు అక్కడ రాయకూడదు. "బుడగలు వచ్చాయి" ఎడమ గడిలో ఉండొచ్చు, "కార్బన్ డయాక్సైడ్ వచ్చింది" మధ్య గడిలోకి పోవాలి. మరీ చాదస్తానికి పోకూడదు. "కొవ్వొత్తి తెల్లగా ఉంది" అన్నది కూడా అనుమితే కదా అని టీచరు వాదనకు దిగితే పిల్లలు రాయడమే మానేస్తారు.

మొదటి రోజు సామాను తక్కువే. నలుగురికి ఒక కొవ్వొత్తి, టైల్స్ ముక్క, అగ్గిపెట్టె, 15 సెంటీమీటర్ల స్కేలు, గాజు గ్లాసు, స్టీలు చెంచా. ఫ్యాన్లు ఆపించాలి. లేకపోతే మంట ఊగుతూనే ఉంటుంది, దాన్ని తప్ప ఇంకేమీ చూడరు. పది నిమిషాల్లో ఇరవై పరిశీలనలు రాయమంటాను. మొదటి విడతలో ఏడెనిమిది వస్తాయి, వాటిలో సగం అనుమితులు. "ఆక్సిజన్ వాడుకుంటోంది", "వత్తి కాలుతోంది", "మైనం కరిగిపోయి తగ్గుతోంది" ఇలా ఉంటాయి. అప్పుడు "మంటలో ఎన్ని రంగులున్నాయి? వత్తికి ఆనుకుని ఏ రంగు? అడుగున ఏ రంగు? కొవ్వొత్తి పైన గుంటలో ఉన్నది ఎలా ఉంది? 5 నిమిషాలకు ఎత్తు ఎంత తగ్గింది?" అని అడిగితే కళ్లు పనిలో పడతాయి. అడుగున నీలం, వత్తి చుట్టూ నల్లని నీడ, పైన పసుపు అంతవరకూ అక్కడే ఉన్నా ఎవరికీ కనిపించవు.

తర్వాత మంట ఊదేయమంటాను. వత్తి నుంచి తెల్లని తీగలా లేస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగలనివ్వకుండా, దానికి రెండు సెంటీమీటర్ల పైన ఆ తెల్లని తీగలో పెట్టాలి. మంట ఒక్క గంతులో కిందికి దిగి వత్తిని అంటుకుంటుంది. గాలి కదిలినా, ఊదాక మూడు సెకన్లు ఆలస్యమైనా ఇది జరగదు కాబట్టి అగ్గిపుల్లను ముందే వెలిగించి ఉంచుకోవాలి. ఇది చూశాక మధ్య గడిలో "వత్తి కాలుతోంది" అన్నది చెరిపేసి, "మైనం ఆవిరి కాలుతోంది" అని పిల్లలే రాస్తారు. ఎడమ గడిలో మాత్రం ఒక్క అక్షరం మారదు. మొదటి రోజు నాకు కావలసింది ఇంతే.

గాజు గ్లాసును మంట పైన మూడు నాలుగు సెకన్లు బోర్లిస్తే లోపల మసక పడుతుంది. అది నీళ్లే అనడం అనుమితి. తేల్చుకోవడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడతాను. చిటికెడు నీలి పొడిని పింగాణీ మూకుట్లో సన్నమంట మీద వేడి చేస్తే తెల్లబడుతుంది, మంట ఎక్కువైతే నల్లబడి పాడవుతుంది. చల్లారగానే గట్టి మూత డబ్బాలో పెట్టాలి. వర్షాకాలంలో మూత తీసి వదిలేస్తే గాలిలో తేమకే అది నీలంగా మారిపోయి, పరీక్ష అర్థం లేనిదవుతుంది. మసక మీద ఈ తెల్లపొడి చల్లితే నీలం తిరుగుతుంది. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. గ్లాసు మరీ చల్లగా ఉంటే మంట లేకుండానే మసక పడుతుంది. అందుకే అదే చల్లదనంతో మరో గ్లాసును మంటకు దూరంగా బోర్లించి పక్కన పెట్టాలి. అక్కడ మసక లేకపోతేనే ఇక్కడి నీరు మంటలోంచి వచ్చిందనగలం.

రెండో రోజు అందరికీ తెలిసిన ప్రయోగం. పళ్లెంలో రంగునీళ్లు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద గాజు గ్లాసు బోర్లించడం. మంట ఆరుతుంది, నీరు లోపలికి ఎక్కుతుంది. "గాలిలో ఐదోవంతు ఆక్సిజన్, అది కాలిపోయింది, ఆ జాగాలోకి నీరు వచ్చింది" అని పిల్లలు గడగడా చెప్పేస్తారు, కొన్నిచోట్ల మనమే అలా చెప్పి పంపుతున్నాం. ఈ వివరణ తప్పు. పిల్లల చేతే తప్పని తేల్పించడం రెండో పీరియడు పని.

అదే గ్లాసుతో ఒకసారి ఒక కొవ్వొత్తి, ఇంకోసారి మూడు కొవ్వొత్తులు పెట్టి, నీరు ఎక్కిన ఎత్తును గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించాలి. మూడు పెట్టినప్పుడు నీరు ఇంకా పైకి వస్తుంది. గ్లాసు అదే, అందులో ఆక్సిజన్ అంతే. మరి ఎత్తు ఎందుకు మారింది? ఇంకో రెండు సంగతులు కనిపెట్టమంటాను. గ్లాసు దించేటప్పుడు అంచు దగ్గర బుడగలు బయటికి వస్తాయి. నీరు ఎక్కువగా లేచేది మంట మండుతున్నప్పుడు కాదు, ఆరిపోయాక. ఈ మూడూ ఎడమ గడిలోకి వచ్చాయంటే వివరణ వాళ్ల నోటి నుంచే వస్తుంది: వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది, మంట ఆరాక మిగిలినది చల్లారి కుంచించుకుంది, బయటి గాలి నీటిని లోపలికి తోసింది. కొవ్వొత్తి ఆరేనాటికి గ్లాసులో ఇంకా చాలా ఆక్సిజన్ మిగిలే ఉంటుందని, పోయిన ఆక్సిజన్‌కు బదులు కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరిందని అప్పుడు చెబుతాను. బోర్లించిన గ్లాసు మూసినట్టే కనిపిస్తుంది గానీ అంచు కింద నుంచి గాలి జారుకుంది. ఈ సంగతి కాటా దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది కాబట్టి పేజీ పైన పెద్దగా రాయిస్తాను: "మూసి ఉందా? నిజంగా మూసి ఉందా?"

మూడో రోజు కాటా. 500 గ్రాములు తూగే, 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా చాలు. కూరగాయలు తూచే ఒక గ్రాము కాటాతో ఈ పాఠం చెప్పలేం. అది ఏ మార్పునూ చూపదు, ఏమీ చూపని కాటా నియమాన్ని రుజువు చేసినట్టు భ్రమ కలిగిస్తుంది. కాటాను కదలని బల్ల మీద, ఫ్యాను గాలి తగలనిచోట పెట్టాలి. ఆన్ చేసి ఐదు నిమిషాలు వదిలేయాలి.

ప్రయోగం మొదలుపెట్టకముందే ఒక పని చేయిస్తాను. బిరడా బిగించిన ఖాళీ శాంకవ కుప్పె (కోనికల్ ఫ్లాస్కు) ఒకటి, దాన్ని పదిమంది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తూచి ఎవరికి వచ్చిన అంకె వాళ్లు చెప్పకుండా రాసుకోవాలి. తర్వాత బోర్డు మీద అన్నీ రాస్తాను. 112.43, 112.45, 112.44, 112.44, 112.46 ఇలా వస్తాయి. చెమట చేతులతో పట్టుకుంటే 0.02 దాకా పెరుగుతుంది. అంటే 0.02 తేడా వచ్చినంత మాత్రాన ఏదో జరిగిందని కాదు, కాటా మాట అంతవరకే నమ్మాలి. ఈ పది తూకాలు లేకుండా నేరుగా ప్రయోగానికి వెళితే 0.01 తగ్గిందని ఒకరు గొడవ, 0.01 పెరిగిందని ఒకరు గొడవ.

మొదట అవక్షేపం (రెండు ద్రావణాలు కలిస్తే కరగకుండా ముద్దకట్టే పదార్థం) వచ్చే ప్రయోగం. చాలా పుస్తకాల్లో లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ ఉంటాయి. పసుపు రంగు చూడముచ్చటగా ఉంటుంది, కానీ సీసం విషం. నలభైమంది పిల్లల చేతికిచ్చి, తర్వాత ఆ నీళ్లు తూములో పోయడం నాకు ఇష్టం లేదు. మైలుతుత్తం, చాకలి సోడా వాడతాను. 100 మిల్లీలీటర్ల నీటిలో 2.5 గ్రాముల మైలుతుత్తం ఒక ద్రావణం. ఇంకో 100 మిల్లీలీటర్లలో 3 గ్రాముల చాకలి సోడా మరో ద్రావణం. కుప్పెలో సోడా ద్రావణం 20 మిల్లీలీటర్లు, చిన్న పరీక్షనాళికలో మైలుతుత్తం ద్రావణం. నాళికకు దారం కట్టి కుప్పెలో వేలాడదీసి రబ్బరు బిరడా బిగించాలి. తూచాలి, వంచాలి, మళ్లీ తూచాలి. నీలి ఆకుపచ్చ ముద్ద కడుతుంది, అంకె మారదు.

ఇందులో రెండు జాగ్రత్తలు. దారం బిరడా పక్క నుంచి బయటికి వేలాడుతుంటే ఆ సందులోంచి గాలి పోతుంది, అందుకే దారాన్ని లోపలికే వదిలేయాలి. రెండోది, ఈ రెండు ద్రావణాలు కలిసినప్పుడు సన్న బుడగలు వస్తాయి, కొంచెం కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బిరడా లేకుండా చేస్తే ఈ కొలతలకు గరిష్ఠంగా 0.04 గ్రాములు తగ్గొచ్చు. "అవక్షేపం ప్రయోగమే కదా, మూత ఎందుకు" అనుకుని బీకరులో చేస్తే పాఠం ఎదురు తిరుగుతుంది.

నిజానికి ఈ ప్రయోగం పిల్లల్ని పెద్దగా కదిలించదు. ఏదీ ఎక్కడికీ పోయినట్టు కనిపించదు కాబట్టి సమానమే ఉంటుందని ముందే అనుకుంటారు. వాళ్ల నమ్మకాన్ని పరీక్షించేది వాయువు వచ్చే చర్య. నాలుగో పీరియడు అంతా దానికే.

వంట సోడా 2.1 గ్రాములు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 2 గ్రాములు, 40 మిల్లీలీటర్ల నీటిలో కరిగించాలి. ఈ సోడాకు 1.75 గ్రాముల నిమ్మ ఉప్పు సరిపోతుంది, కాస్త ఎక్కువ వేస్తే సోడా అంతా ఖర్చవుతుంది. లెక్క ప్రకారం 84 గ్రాముల సోడాకు 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ రావాలి. అంటే 2.1 గ్రాములకు 1.10 గ్రాములు. 30 డిగ్రీల వేడిలో అది 620 మిల్లీలీటర్ల వాయువు. ఈ అంకెలు ముందే బోర్డు మీద రాయను. మొదట ప్రతి ఒక్కరూ "పెరుగుతుంది, తగ్గుతుంది, అంతే ఉంటుంది" లో ఒకటి రాసి, ఎందుకో ఒక వాక్యం రాయాలి.

మొదటి విడత మూత లేకుండా, 250 మిల్లీలీటర్ల శాంకవ కుప్పెలో. బీకరులో చేస్తే తుంపరలు ఎగిరి పోతాయి, ఆ తగ్గుదల కూడా వాయువు ఖాతాలో పడుతుంది. సోడాను కొద్దికొద్దిగా వేయాలి, సోడా పెట్టిన కాగితాన్ని రెండుసార్లూ కాటా మీద ఉంచాలి. బుడగలు ఆగాక చూస్తే 1.10 తగ్గదు, 0.95 దగ్గర తగ్గుతుంది. లెక్క తెలిసిన పిల్లలు వెంటనే నిరాశపడతారు. ఇక్కడ ఆగి, కుప్పెలో ఇప్పుడు ఏముందని అడుగుతాను. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, కుప్పెలోని గాలిని తోసేసి అక్కడే కూర్చుంది. గాలి లీటరుకు 1.16 గ్రాములు, కార్బన్ డయాక్సైడ్ 1.77. కుప్పెలో 200 మిల్లీలీటర్ల ఖాళీ ఉంటే 0.12 గ్రాముల తేడా అక్కడే దాగి ఉంది. నీటిలో కరిగినది మరికొంచెం. కుప్పెను నెమ్మదిగా తిప్పుతూ, అట్టముక్కతో మూతి దగ్గర రెండు నిమిషాలు విసిరితే అంకె ఇంకా దిగి 1.05కి వస్తుంది. కాటా అబద్ధం చెప్పలేదు, మనం ప్రశ్న సరిగా వేయలేదు.

రెండో విడత మూసిన సీసాలో. కూల్ డ్రింక్ వచ్చే లీటరు ప్లాస్టిక్ సీసా మాత్రమే వాడాలి. నీళ్ల సీసా పల్చగా ఉంటుంది, వద్దు. గాజు సీసా అసలే వద్దు. ఈ కొలతలకు సీసాలో పీడనం మామూలు గాలి పీడనానికి 1.6 రెట్లు దాటదు, కూల్ డ్రింక్ సీసా దాన్ని తేలిగ్గా తట్టుకుంటుంది. "ఇంకొంచెం వేద్దాం సార్" అనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, సోడా పొట్లాలు నేనే తూచి ఇస్తాను. నిమ్మ ఉప్పు నీళ్లు సీసాలో పోసి, సోడా ఉన్న చిన్న పరీక్షనాళికను మూతిలోంచి జారవిడిచి నిలబెట్టాలి. 12 మిల్లీమీటర్ల వెడల్పు నాళిక సీసా మూతిలో పడుతుంది. మూత బిగించి, తూచి, అప్పుడు వంచాలి. సోడాను నేరుగా వేసి గబగబా మూత పెడితే ఆ రెండు సెకన్లలోనే కొంత వాయువు పోతుంది.

వంచగానే నురగ లేస్తుంది, సీసా రాయిలా గట్టిపడుతుంది, అడుగు చల్లబడుతుంది. ఇవన్నీ ఎడమ గడిలోకి. కాటా మీద పెడితే అంకె అంతే ఉంటుంది, లేదా 0.01 తక్కువ. తరగతిలో సగంమంది తగ్గుతుందని రాసి ఉంటారు. అప్పుడు మూత వదులు చేస్తాను. బుస్సుమంటుంది. అంకె 0.8, 0.9 పడిపోతుంది. మూతను కూడా కాటా మీదే ఉంచడం మర్చిపోవద్దు. మూత రెండు మూడు గ్రాములుంటుంది, అది బల్ల మీద ఉండిపోయి "మూడున్నర గ్రాములు పోయింది" అని రాసిన నోటుబుక్కులు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఇక్కడ కూడా మొత్తం 1.10 ఒక్కసారి పోదు, బయటికి వచ్చేది గాలి, కార్బన్ డయాక్సైడ్ కలిసిన మిశ్రమం. సీసాను నాలుగుసార్లు నొక్కి వదిలితే అంకె ఇంకా దిగుతుంది.

ఇక రబ్బరు బుడగ (బెలూన్). సీసా మూతికి రబ్బరు బుడగ తొడిగి, అందులో సోడా వేసి ఎత్తితే బుడగ ఉబ్బే ప్రయోగం అందరికీ ఇష్టం. ద్రవ్య నిత్యత్వ నియమానికి దీన్ని చూపించేవాళ్లు చాలామంది. 0.01 గ్రాము కాటా మీద పెట్టి చూడండి, 0.6 నుంచి 0.7 గ్రాములు తగ్గుతుంది. ఎక్కడా లీకు లేకపోయినా తగ్గుతుంది. దీన్ని దాచిపెట్టేవాళ్లున్నారు, బుడగ బదులు ఇంకేదో చేసి తప్పించుకునేవాళ్లున్నారు. నేను కావాలనే చేయిస్తాను. పాఠం మొత్తంలో ఇంతకంటే విలువైన అంకె లేదు.

"లీకైంది సార్!" తరగతి అంతా ఒకటే మాట.

"అది ఏ గడిలో రాస్తావమ్మా?"

"మధ్య గడిలో సార్."

"మరి ఎలా తేలుద్దాం?"

సబ్బునీళ్లు. బుడగ మూతి చుట్టూ, బుడగ మీదా వేలితో రాస్తే లీకున్నచోట నురగ రావాలి. రాదు. పది నిమిషాలు ఆగి, తడి తుడిచి మళ్లీ తూచినా అంకె మరీ కిందికి పోదు. లీకైతే తగ్గుతూనే ఉండాలి కదా? పెన్సిలు గీత కొట్టేస్తారు. తరగతి కాసేపు నిశ్శబ్దమవుతుంది. ఈ నిశ్శబ్దాన్ని తొందరపడి మాటలతో నింపకూడదు, రెండు నిమిషాలు ఆగాలి.

అప్పుడు పాలిథీన్ కవరు తీస్తాను. రెండు లీటర్లు పట్టేది. గాలంతా నొక్కేసి, మడిచి, మూతిని రబ్బరు బ్యాండుతో కట్టి తూచాలి. తర్వాత అదే కవరును గదిలో అటూ ఇటూ ఊపి గాలి పట్టించి, అదే రబ్బరు బ్యాండుతో కట్టి తూచాలి. నోటితో ఊదకూడదు, ఊపిరి వెచ్చగా తేమగా ఉంటుంది. కవరు అంచులు బల్లకు తగలకుండా చూసుకోవాలి. రెండు లీటర్ల గాలి, అంటే 2.3 గ్రాములు కొత్తగా వచ్చి చేరింది. కాటాలో మాత్రం తేడా ఉండదు. గాలిలో గాలి తూగదు. బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉండి, నీటి పైకి రాగానే బరువెక్కడం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. గాలి కూడా నీటిలాగే, తాను ఖాళీ చేసిచ్చిన జాగాకు తగ్గట్టు పైకి నెడుతుంది. బుడగ 600 మిల్లీలీటర్లు ఉబ్బితే అంత గాలిని పక్కకు నెట్టింది, ఆ గాలి బరువు 0.7 గ్రాములు. కాటా అంతే తక్కువ చూపింది. గట్టి సీసా ఉబ్బలేదు కాబట్టి అక్కడ తేడా రాలేదు.

ద్రవ్యరాశి మారలేదు, కాటా అంకె మారింది. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజమని పిల్లలకు అర్థమైన రోజున "బరువు" అని కాకుండా "కాటా ఇంత చూపింది" అని రాయడం వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

ఐదో పీరియడు కాలడం మీద. ఇనుప పీచు ప్రయోగానికి గిన్నెలు తోమే మెరిసే స్టీలు పీచు పనికిరాదు. అది స్టెయిన్‌లెస్ స్టీలు, అంటుకోదు. పెయింట్ల దుకాణంలో చెక్క నున్న చేయడానికి అమ్మే సన్నని ఇనుప పీచు కావాలి. దానికి తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది, అది కాలి బరువు తగ్గిస్తుంది కాబట్టి ముందు అసిటోన్‌లో ముంచి బాగా ఆరబెట్టాలి. అసిటోన్ సీసా గదిలో లేకుండా పంపేశాకే అగ్గిపుల్ల వెలిగించాలి. 2 గ్రాముల పీచును దూదిలా విప్పి, పింగాణీ మూకుట్లో పెట్టి, 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే నిప్పురవ్వలు పాకుతూ పోతాయి. చల్లారాక తూచాలి. వేడి వస్తువు పైన గాలి పైకి లేస్తూ కాటాను తేలిక చేస్తుంది, కాటా కూడా పాడవుతుంది. మొత్తం ఇనుము ఆక్సైడుగా మారితే 2 గ్రాములు 2.76 కావాలి. అంత రాదు, లోపలి పీచు కాలదు, కొన్ని తునకలు రాలిపోతాయి. మాకు 0.2 నుంచి 0.5 దాకా పెరుగుతుంది. ఎంత పెరిగిందన్నది కాదు, పెరగడమే ఇక్కడ వార్త. కాలితే తేలికవుతుందని అనుకున్న పిల్లలకు కాటా ఎదురు చెప్పింది.

మూసిన కుప్పెలో కాల్చడానికి అగ్గిపుల్ల తలలు మంచివి, మండడానికి కావలసిన ఆక్సిజన్‌లో చాలావరకు వాటిలోనే ఉంటుంది. 250 మిల్లీలీటర్ల గట్టి గాజు కుప్పెలో రెండే తలలు, పొడిగా. బిరడా గట్టిగా బిగించి తూచాలి. ఎండలో భూతద్దంతో ఒకదాని మీద వెలుగు చుక్క నిలిపితే భగ్గుమంటుంది. కళ్లద్దాలు లేకుండా దగ్గరికి ఎవర్నీ రానివ్వను, భూతద్దం నేనే పడతాను. కుప్పె నిండా పొగ. పది నిమిషాలు చల్లార్చి తూచితే అంతే. ఆ పైన బిరడా తీసి తూచాలి.

ఇక్కడే చరిత్ర చెబుతాను, ముందు చెబితే కథగా మిగిలిపోతుంది. 1673లో రాబర్ట్ బాయిల్ మూసిన గాజు పాత్రలో లోహాన్ని వేడి చేశాడు. పాత్ర తెరిచాక తూచాడు. బరువు పెరిగింది, నిప్పులోని కణాలు గాజులోంచి దూరి లోహానికి పట్టాయని అనుమితి చేశాడు. 1774లో లావోయిజర్ తగరంతో అదే పని చేసి, తెరవకముందు తూచాడు. మారలేదు. తెరిచాడు, గాలి లోపలికి చొరబడింది, అప్పుడు పెరిగింది. బాయిల్ పరిశీలన తప్పు కాదు, తూచిన సమయం వేరు. "ఎప్పుడు తూచావు? తెరిచి తూచావా, మూసి తూచావా?" అని ఇప్పుడు పిల్లలే అడుగుతారు.

చివరికి మళ్లీ కర్పూరం. సోమవారం రెండు బిళ్లలు తూచి, ఒకటి టైల్స్ ముక్క మీద తెరిచి, ఒకటి మూత బిగించిన గాజు సీసాలో కిటికీ దగ్గర పెడతాం. రోజూ ప్రార్థన అయ్యాక ఇద్దరు పిల్లలు తూచి చార్టులో రాస్తారు. తెరిచిన బిళ్ల రోజురోజుకూ తరుగుతుంది. సీసాలోది కూడా చిన్నదవుతుంది, కానీ సీసా లోపలి గోడ మీద నీడ పడే వైపు మెరిసే పలుకులు కడతాయి, సీసా మొత్తం అంకె కదలదు. కాలిన కర్పూరానికి లెక్క బోర్డు మీద వేయిస్తాను: ఒక గ్రాము కర్పూరం పూర్తిగా కాలడానికి గాలిలోంచి 2.84 గ్రాముల ఆక్సిజన్ తీసుకుంటుంది, 2.89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 0.95 గ్రాముల నీరు అవుతుంది. హరించుకుపోయిందనుకున్న బిళ్ల దాదాపు నాలుగింతలై గదిలోనే ఉంది.

మార్కులు అంకెకు వేయను. నాలుగు జట్ల తూకాలూ బోర్డు మీద ఉంటాయి, ఎవరిదీ చెరపడం లేదు. ఏ ప్రయోగంలోనూ 0.00 తప్ప రాని జట్టు ఉంటే వాళ్ల చేత నా ముందు ఇంకోసారి తూయిస్తాను. పరీక్షలో అడిగే ప్రశ్న ఒకటే. "మూసిన పాత్రలో చర్య జరగకముందు కాటా 148.32, జరిగాక 147.66 చూపింది. దీనికి మూడు కారణాలు ఊహించు. ఒక్కో కారణాన్ని తేల్చడానికి ఏం చేస్తావో, ఏం కనిపిస్తే ఆ కారణాన్ని కొట్టేస్తావో రాయి." కారణానికి ఒక మార్కు, పరీక్షకు రెండు. మూత బల్ల మీద మర్చిపోయాం అని రాసి, "మూతను విడిగా తూచి 0.66తో పోల్చుతాను, కలవకపోతే కొట్టేస్తాను" అని రాసిన పిల్లకు కూడా మూడు మార్కులూ పడతాయి.